అరవై మోపుల పత్తికట్టె మీద బూజు దీక్ష

గౌరవనీయులైన సంబంధిత అధికారుల సముఖమునకు సవినయంగా సమర్పించునది:

ఈ దినచర్య ఏ అధికారికి చేరాలో నాకు ఇదమిత్థంగా తెలియదు. విచారించిన ప్రతి కార్యాలయం వారూ మరో కార్యాలయం పేరు చెప్పారు. చివరి కార్యాలయం వారు మొదటి కార్యాలయం పేరు చెప్పారు. కనుక పేరు తెలియని అధికారినే ఉద్దేశించి రాస్తున్నాను. పేరు తెలియనంత మాత్రాన గౌరవంలో లోటు చేయను.

నా పేరు సీతారామాంజనేయులు. గుంటూరు బ్రాడీపేటలో ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్ర ఉపన్యాసకుడిని. పెదకాకానిలో యలమందయ్యగారి ఇంటి వెనక భాగంలో భార్య హేమశ్రీతో అద్దెకు ఉంటున్నాను. ఏడేళ్ళుగా పిహెచ్.డి. చేస్తున్నాను. పిహెచ్.డి. తన వంతు ఇంకా ఏమీ చేయలేదు.

విషయం: శిలీంధ్ర తంతుజాలం. వాడుకలో బూజు. పత్తికట్టెను ముక్కలు చేసి, ఉడికించి, ముత్యపుచిప్ప పుట్టగొడుగు విత్తనం కలిపి సంచిలో కట్టిపెడితే తెల్లని దారాలు ముక్కల్లోకి పాకి వాటిని జిగురులా పట్టి ఉంచుతాయి. ఎండబెడితే తేలికైన, గట్టి దిమ్మ. టీవీ పెట్టెల్లో థర్మోకోల్‌కు బదులు దీన్ని వాడవచ్చునని ఒక ఆంగ్ల పత్రికలో చదివాను. మన జిల్లాలో ఏటా పత్తి తీశాక కట్టె పీకి పొలాల్లోనే తగలబెడుతున్నారు. దేశం పొగ పీలుస్తుండగా నేను ఊరుకోలేకపోయాను.

అందుచేత మండల దీక్ష. నలభై ఒక్క రోజులు. నియమాలు: ఉదయం అయిదింటికి లేవడం, స్పిరిటుతో చేతులు కడగడం, ప్రతి సంచినీ ప్రతిరోజూ కొలవడం, ఎవరి మీదా అరవకపోవడం, సాకులు చెప్పకపోవడం.

చివరి నియమం మీ ప్రత్యేక పరిశీలనార్థం కింద గీత గీసి పంపుతున్నాను.

27-3-2009, శుక్రవారం. ఉగాది. మొదటి రోజు

ఉ. 5.00: లేచాను!

5.10: చేతులు కడిగాను. ఉగాది పచ్చడి స్పిరిటు వాసన వేసింది. విజ్ఞానం కోసం తిన్నాను.

7.00: కట్టె స్వీకరణ. ఇంటి యజమానురాలు బసవమ్మగారి దగ్గర అరవై మోపుల పత్తికట్టె ఉంది. ఆదివారాల్లో ఇక్కడి గుడికి పొంగళ్ళు పెట్టుకోవడానికి వచ్చే యాత్రికులకు పొయ్యి కట్టె ఆవిడే ఇస్తారు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ సొంత వ్యవహారం. భర్త యలమందయ్యగారికి అందులో చెయ్యీ లేదు, నోరూ లేదు. ఉగాదికల్లా ఊళ్ళో మిగతా పత్తికట్టె అంతా తగలబెట్టేస్తారు కనుక ఈ అరవై మోపులే దిక్కు. మిరపకట్టె ఎంతైనా దొరుకుతుంది గానీ దాని పొగ ఘాటుకు దేవుడు కూడా దగ్గుతాడని ఆవిడ అభిప్రాయం.

"ఏవిటి మాస్టారూ, నా కట్టెకి బూజు పట్టిస్తారా?"

"పట్టిస్తానండి. శాస్త్రీయంగా."

"బూజు పట్టనీకుండా చూడమని మా అత్త నన్ను చంపుకు తినేది. పట్టించడానికి చదువుకోవాలని ఇప్పుడే వింటున్నా."

హేమశ్రీ నవ్వింది. నమోదు చేశాను.

తరవాత బసవమ్మగారు అసలు సంగతి చెప్పారు. "మే పదో తారీకు ఆదివారం నరసరావుపేట వాళ్ళు వస్తన్నారు. పిల్లాడి పుట్టెంట్రుకలు. ఇరవయ్యొక్క కుండ పొంగలి. కట్టె నాదని మాటిచ్చా. ఆ పూటకి నా కట్టె నాకు రావాల. మీ పెట్టెలు మీరేం చేసుకున్నా సరే."

"తప్పకుండా వస్తుందండి. పైగా బూజు పట్టి ఎండిన కట్టె అగ్గిపుల్లలా మండుతుంది" అని హామీ ఇచ్చాను.

ఈ హామీకి ఆధారగ్రంథం ఏదీ లేదు. మొదటి రోజే ఆధారాలు వెదుకుతూ కూర్చుంటే పరిశోధన ముందుకు సాగదు.

28-3-2009, శనివారం. రెండో రోజు

5.00: లేచాను! శరీరం అలవాటు పడింది.

కళాశాల ప్రయోగశాల సహాయకుడు సుభానీ వచ్చాడు. వచ్చే ఏడు పదవీ విరమణ. ఆయన చూస్తుండగా మా శాఖలో ఆరుగురు డాక్టరేట్లు పొందారు. ఆ ఆరుగురి ప్రయోగాలూ తనే చేశానని అంటాడు. వారి సిద్ధాంత గ్రంథాల్లో ఆ ముక్క ఎక్కడా లేదు కనుక నేను నమ్మను.

"సార్, మార్చి దాటాక గుంటూర్లో మనిషే నిలవలేడు. దీనికేమో పాతిక డిగ్రీలు కావాల. కార్తీకంలో పెట్టుకుందాం సార్."

"సంకల్పం ఉగాదికి చెప్పుకున్నాను సుభానీ."

"మీరు చెప్పుకున్నారు సార్. బూజు చెప్పుకోలేదుగా."

10.00 నుంచి సా. 5.00 వరకు: బసవమ్మగారి నీళ్ళ కాగులో కట్టె ముక్కలు ఉడికించడం. నలభై మోపుల కట్టె ఉడకడానికి ఇరవై మోపుల కట్టె కాలింది. బసవమ్మగారు కాలే కట్టెనూ ఉడికే కట్టెనూ మార్చి మార్చి చూశారు. ఏమీ అనలేదు. ఆ మౌనాన్ని అంగీకారంగా నమోదు చేశాను.

జొన్నగింజల మీద పెంచిన విత్తనం కలిపి నలభై సంచులు కట్టాం. మోపుకో సంచి. నేను అంకెలు వేశాను. మిగతా పనులు సుభానీ చేశాడు.

29-3-2009, ఆదివారం. మూడో రోజు

5.00: లేచాను.

శిలీంధ్రానికి చల్లదనం కావాలి. ఇంట్లో కూలరు ఒక్కటే. సంచుల గదికి మార్చాను.

హేమశ్రీ: "నన్ను కూడా ఓ సంచిలో కట్టి ఆ గదిలో పెట్టండి. నలభై ఒకటో నంబరు వెయ్యండి."

దీక్షలో అరవకూడదు. అరవలేదు. దేశానికి కలిగే ప్రయోజనం గురించి ఇరవై నిమిషాలు వివరించాను. ఆవిడే అరిచింది. ఆవిడ దీక్షలో లేదు కనుక నియమభంగం కాదు.

30-3-2009, సోమవారం. నాలుగో రోజు

5.20.

నలభై సంచులూ విప్పి, స్కేలు పెట్టి కొలిచి, మళ్ళీ కట్టాను. పెరుగుదల: సున్నా × 40. సున్నా కూడా ఒక కొలతే. పట్టికలో నలభై సున్నాలు వరసగా చూడటానికి చాలా బాగున్నాయి.

1-4-2009, బుధవారం. ఆరో రోజు

ఏడో సంచిలో తెల్లని దారం! మూడు మిల్లీమీటర్లు!!

కళాశాలలో రెండో సంవత్సరం వాళ్ళకు చెప్పాను. ఒక విద్యార్థి లేచి, ఇది పరీక్షలో వస్తుందా అని అడిగాడు. రాదన్నాను. తరగతి ప్రశాంతంగా నిద్రపోయింది.

3-4-2009, శుక్రవారం. శ్రీరామనవమి. ఎనిమిదో రోజు

6.40. పండగ మూలాన. ఇది సాకు కాదు, పంచాంగం.

పానకం నాలుగు గ్లాసులు. కొలతలు మధ్యాహ్నానికి వాయిదా. మధ్యాహ్నం పానకం ప్రభావం వల్ల సాయంత్రానికి వాయిదా. సాయంత్రం పందిట్లో మైకు.

5-4-2009, ఆదివారం. పదో రోజు

పన్నెండు సంచుల్లో ఎదుగుదల శూన్యం. క్రమశిక్షణ చర్య తప్పలేదు. ఉత్తర్వు జారీ చేశాను: "పై పన్నెండు సంచులు విఫలమైనవిగా ప్రకటించి, ప్రయోగం నుంచి తొలగించడమైనది." సంతకం, తేదీ.

ఉత్తర్వు పట్టుకుని సంచులు పారేయబోతుంటే బసవమ్మగారు లాక్కున్నారు.

"పారెయ్యడానికి ఇచ్చానా నేను? ఎండబెట్టుకుని పొయ్యిలో పెట్టుకుంటా. ఇటియ్యండి."

"తడి ఆరలేదండి."

"ఆరినప్పుడే ఆరుద్ది. తొందరేముంది."

మంచినీళ్ళ కుండల అరుగు కింద, చీకటి మూలలో, ఆ పన్నెండూ పేర్చి గోనెపట్టా కప్పారు. ఎండ తగిలితే పాలిథిన్ కరిగిపోతుందట. తొలగించిన సంచుల నివాసం పరిశోధకుని పరిధిలోకి రాదు.

మిగిలినవి ఇరవై ఎనిమిది.

8-4-2009, బుధవారం. పదమూడో రోజు

మూడు, తొమ్మిది, ఇరవై రెండు నంబర్ల సంచుల్లో ఆకుపచ్చ బూజు. మనది తెలుపు. ఆకుపచ్చ శత్రువర్గం.

సుభానీని పిలిపించాను. చూశాడు. తల ఊపాడు.

"రోజూ విప్పి చూస్తన్నారా సార్?"

"కొలవాలి కదా."

"ఉడికే అన్నం మూత గంటకోసారి తీస్తే అన్నం అవుద్దా సార్? గాలిలో ఉన్న చెత్తంతా మీ స్కేలు పట్టుకుని లోపలికి పోతంది."

"స్కేలుకు స్పిరిటు రాస్తున్నాను."

"గాలికి రాస్తన్నారా?"

ఇటువంటి పదజాలం వల్లనే ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళుగా సహాయకుడిగానే ఉండిపోయాడు.

10-4-2009, శుక్రవారం. పదిహేనో రోజు

7.05. ఎండ నలభై ఒకటి. కరెంటు పది నుంచి రెండు దాకా లేదు. కూలరు ఆగింది. గది లోపల కూర్చుని విసనకర్రతో సంచులకు విసిరాను. పదిహేను నిమిషాల తరవాత నాకే విసురుకున్నాను.

హేమశ్రీ గుమ్మంలోంచి చూసి, "నాకెప్పుడైనా విసిరారా?" అంది.

నమోదు చేయలేదు. (పొరపాటున చేశాను.)

13-4 నుంచి 18-4 వరకు

నమోదు లేదు. కారణం: నమోదు చేయదగిన విషయం లేదు. అందుకు కారణం: గదిలోకి వెళ్ళలేదు. అందుకు కారణం: వడగాడ్పు, జవాబు పత్రాలు, వీధిలో అన్ని పార్టీల ప్రచార జీపులు, విరోధి నామ సంవత్సరం.

ఏడాది పేరే విరోధి అయినప్పుడు వ్యక్తి ఏం చేయగలడు?

20-4-2009, సోమవారం. ఇరవై అయిదో రోజు

అద్భుతం!!!

వారం తరవాత తలుపు తీశాను. ఇరవై ఎనిమిదిలో ఇరవై నాలుగు సంచులు తెల్లబడ్డాయి! పైనుంచి కింద దాకా, పెళ్ళివారి పందిట్లో పరిచిన దుప్పటిలా! వారం రోజులు ఎవరూ విప్పకపోవడం వల్ల అని సుభానీ అంటాడు. సుదీర్ఘ పరిశీలనా విరామం అనే పద్ధతిని నేను ప్రవేశపెట్టడం వల్ల అని నా నిర్ధారణ.

గాలి తగిలితే పైపొర బిగుసుకుంటుందని చదివాను. అన్నిటికీ పాలిథిన్ విప్పేసి బల్లల మీద పేర్చాను.

చిక్కు: ఎల్లుండి నుంచి నాకు ఎన్నికల విధి. రేపల్లె వైపు ఒక పోలింగు కేంద్రం. హేమశ్రీ సంచులకు సేవ చేయనని రాతపూర్వకంగా తెలియజేసింది (ఫ్రిజ్ మీద చీటీ). యలమందయ్యగారిని ఆశ్రయించాను. అరవై రెండేళ్ళు, మూడెకరాల మిరప, రెండెకరాల పత్తి, మాట తప్పని మనిషి. తొమ్మిది అంశాల సూచనల పత్రం ఇచ్చాను. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

"సారాంశం ఏమిటంటే, పూటకోసారి నీళ్ళు చిలకరించడం అండీ. మందు కొట్టే పంపు శుభ్రంగా కడిగి వాడండి."

"మీరు నిశ్చింతగా పోయి రండి మాస్టారూ. నా చేలో మొక్కల్లాగ చూసుకుంటా."

ఈ వాక్యంలోని ప్రమాదాన్ని నేను గుర్తించలేదు.

22-4-2009, బుధవారం. ఇరవై ఏడో రోజు

పోలింగు కేంద్రం. బడి వరండాలో మకాం. దోమలు. రేపటి పోలింగుకు వచ్చిన రెండు పార్టీల ఏజెంట్లకు ఖాళీ సమయంలో తంతుజాలం గురించి వివరించాను. దీనివల్ల ప్రజలకు ఒరిగేదేమీ లేదని ఇద్దరూ అన్నారు. ఈ ఎన్నికల్లో వారు ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం ఇదొక్కటే.

24-4-2009, శుక్రవారం. ఇరవై తొమ్మిదో రోజు

ఉ. 9.00: ఇల్లు చేరాను. గుమ్మంలోనే గంధకం వాసన.

యలమందయ్యగారు పంపు వీపున ఉండగానే ఎదురొచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"రండి రండి! మీ అదృష్టం బాగుండి నేను చూశా. లేకపోతే మొత్తం పోయేది మాస్టారూ!"

"ఏం పోయేదండీ?"

"బూడిద తెగులు! తెల్లగా, నిండా పట్టేసింది. నా మిరపకి పట్టిన ఏడు కూడా ఇంత పట్టలా. ఊరుకుంటానా? గంధకం కలిపి రెండు దఫాలు కొట్టా. పొద్దున ఒకటి, మాపున ఒకటి. ఇప్పుడు చూడండి, ఒక్క మచ్చ లేదు!"

చూశాను. ఒక్క మచ్చ లేదు. దిమ్మలన్నీ పసుపురంగులో, చచ్చి, శుభకార్యానికి ముస్తాబైనట్టు ఉన్నాయి.

"అది తెగులు కాదండీ" అన్నాను. "అదే పంట."

ఆయన పంపు దించారు. ఒక దిమ్మను గోటితో గీకి చూశారు.

"తెగులే పంటా?"

"అవునండి."

"నలభై ఏళ్ళబట్టి దాన్ని చంపడానికే సేద్యం చేశా మాస్టారూ. తెల్లగా కనపడితే నా చెయ్యి ఆగుద్దా చెప్పండి?"

బసవమ్మగారు లోపలి నుంచి: "నీళ్ళు చల్లవయ్యా అంటే మందు కొట్టొచ్చాడు! ఈయన చేతికి పంపు ఇస్తే అక్షింతల మీద కూడా కొడతాడు!"

"నువ్వూరుకోయే. మాస్టారు కాయితం ఇచ్చారు గానీ తెగులుని పెంచమని అందులో రాయలా."

జేబులోంచి పత్రం తీసి నా ముందే చదివారు. నిజమే. తొమ్మిది అంశాల్లో ఎక్కడా రాయలేదు. అది స్వయంగా బోధపడుతుందని అనుకున్నాను.

తరవాత బసవమ్మగారు అసలు ప్రశ్న వేశారు. "మరి నా కట్టె?"

ఇరవై ఎనిమిది మోపులు అక్కడే ఉన్నాయని చూపించాను.

"గంధకం కొట్టిందా? దేవుడి పొయ్యిలో పెడితే ఆ పొగకి పసిబిడ్డ బతుకుతాడా? ఇదెందుకు పనికొచ్చుద్ది? పెంటలో పోసుకోండి."

ఇరవై మోపులు కాగు కింద కాలాయి. ఇరవై ఎనిమిది పెంటకు. పొంగళ్ళకు పదహారు రోజులు. ఈ లెక్క నేను చేయలేదు. ఆవిడే వేళ్ళ మీద చేసి చూపించారు.

27-4-2009, సోమవారం. ముప్ఫై రెండో రోజు

8.10.

వైఫల్య కారణాల నివేదిక తయారుచేశాను:

ఒకటి, ఎండ. రెండు, కరెంటు. మూడు, ఎన్నికలు. నాలుగు, సంవత్సర నామం. అయిదు, యలమందయ్యగారి శ్రద్ధ. ఆరు, సుభానీ నోటి వాక్కు. ఏడు, పరిశోధకుడు. ఈ చివరి అంశం పరిశీలనలో ఉంది. ఇప్పట్లో తేలే సూచనలు లేవు.

కూలరు హేమశ్రీ గదికి తిరిగి వెళ్ళింది. నేను కూడా వెళ్ళబోయాను. తలుపు వేసి ఉంది.

3-5-2009, ఆదివారం. ముప్ఫై ఎనిమిదో రోజు

ఉ. 9.30: పెరట్లోంచి బసవమ్మగారి కేక. "మాస్టారూ! ఇటు రండి, మీ చెత్త ఏదో అయ్యింది!"

కుండలు కడగడానికి అరుగు దగ్గర గోనెపట్టా తీశారట. కింద పన్నెండు సంచులు. ఏప్రిల్ అయిదున నేను సంతకం పెట్టి తొలగించిన పన్నెండూ. మల్లెపూవులా తెలుపు. వేలితో తడితే చెక్క మోగినట్టు మోగాయి. కుండల నుంచి కారే నీళ్ళ చెమ్మ, చీకటి, చల్లదనం. ముఖ్యంగా వాటి ముఖం చూసినవాళ్ళు లేరు.

నేను పెరట్లో గంతులు వేశాను. హేమశ్రీ సాక్షి.

"ఇన్ని రోజుల్లో మీరు ముట్టుకోనివే బతికాయండి. రాసుకోండి" అంది.

రాశాను: "పరిశోధకుని గైర్హాజరు తంతుజాల వృద్ధికి అత్యంత అనుకూలమని నిరూపితమైనది."

దిమ్మలు ఎండకు పెట్టాను. బసవమ్మగారు మాత్రం ఒక దిమ్మ అంచు నుంచి పచ్చిముక్క తుంచి, చీరకొంగున ముడివేసుకున్నారు. ఎందుకని అడిగితే, "ఏదో, చూద్దామని" అన్నారు.

6-5-2009, బుధవారం. నలభై ఒకటో రోజు

8.15. దీక్షా సమాప్తి.

దిమ్మలు ఎండిపోయాయి. చంటిబిడ్డంత బరువు కూడా లేవు. డాబా మీద నుంచి ఒకటి జారవిడిచాను, పగల్లేదు. రెండు దిమ్మల మధ్య గాజు గ్లాసు పెట్టి జారవిడిచాను. గ్లాసు కూడా పగల్లేదు. హేమశ్రీ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గ్లాసు అది. ఆ సంగతి తరవాత తెలిసింది.

విజయం!

బసవమ్మగారు: "నాలుగు రోజుల్లో ఆదివారం మాస్టారూ."

"పన్నెండు దిమ్మలున్నాయి కదండీ. ముక్కలు చేసి పెడితే అగ్గిపుల్లల్లా—"

"మీ మాట మీదే ఉన్నా."

9-5-2009, శనివారం

మ. 3.00: ఒకటి ముట్టించి చూడమని హేమశ్రీ పట్టుబట్టింది. పెరట్లో పొయ్యి వెలిగించి దిమ్మ పెట్టాను.

3.10: అంటుకోలేదు. అగ్గిపెట్టె సగం అయింది.

3.25: కిరసనాయిలు పోశాను. కిరసనాయిలు మండింది. అయిపోయింది. దిమ్మ మిగిలింది.

3.40: పైన నల్లబడింది. విరిచి చూస్తే లోపల తెల్లగా, చల్లగా ఉంది.

సుభానీ అప్పుడే వచ్చాడు. దిమ్మను అటూ ఇటూ తిప్పాడు. "సార్, ఇది మామూలు రిజల్టు కాదు సార్! నిప్పంటని సరుకు! ఫారిన్‌లో ఎగబడతారు."

"ఫారిన్‌లో పొంగలి పెట్టుకోరుగా నాయనా" అన్నారు బసవమ్మగారు.

అరవలేదు. తిట్టలేదు. పొయ్యి ముందు కూర్చుని, నిప్పంటని నా విజయాన్ని చూస్తూ మెల్లగా అన్నారు: "ముప్ఫై ఏళ్ళలో కట్టె లేదని ఒక్కరికి చెప్పలా మాస్టారూ. తుపాను ఏడు కూడా చెప్పలా."

యలమందయ్యగారు బండి వేసుకుని కట్టెల అడితికి వెళ్ళివచ్చారు. పెళ్ళిళ్ళ రోజులు, అడితిలో పుల్ల లేదు. చేలో మిరపకట్టె ఉందని గొణిగారు. ఆవిడ చూపుకు మిగతా మాట మింగేశారు.

దీక్ష మొదటి రోజున నేను ఇచ్చిన హామీని తిరగేసి చదివాను. ఆధారగ్రంథం లేదని నేనే రాసుకున్నాను. నా దినచర్యలో అంత నిజాయితీ ఉన్నట్టు నాకు గుర్తులేదు.

సా. 5.00: హేమశ్రీ మా ముందుగది మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. నా పుస్తకాల బీరువా మీద తట్టింది. మామిడి చెక్క, తొమ్మిదేళ్ళుగా ఎండుతోంది.

"ఇంట్లో అగ్గిపుల్లలా మండేది ఇదొక్కటేనండీ."

"అందులో నా సిద్ధాంత గ్రంథం ఉంది."

"తెలుసు. ఆరు ప్రతులు."

బీరువా ఖాళీ చేసి, గొడ్డలి తెచ్చి, ఉత్తర్వు రాసి సంతకం పెట్టాను. ఈ దీక్షలో సంతకం పెట్టిన పని నా చేత్తో నేనే చేయడం ఇదే మొదలు.

10-5-2009, ఆదివారం

ఉ. 4.50: లేచాను. ఎవరూ లేపలేదు.

గుడి దగ్గర ఖాళీ స్థలంలో ఇరవయ్యొక్క పొయ్యిలు. దహన వివరాలు: బీరువా, ఒకటి. రాతబల్ల, ఒకటి. కుర్చీలు, రెండు. కొలత స్కేలు, ఒకటి. చెక్క ఇరవై కుండల దాకా వచ్చింది. ఇరవయ్యొకటోది పసివాడి మేనమామ కుండ. పాలు వేడెక్కాయి గానీ పొంగలేదు. పొయ్యిలో చెక్క అయిపోయింది. బసవమ్మగారు నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

కాగితాల కట్ట విప్పాను. మొదటి మూడు అధ్యాయాలూ ఆరు ప్రతులు పెట్టాను. పొంగు అంచుకు వచ్చి ఆగింది. నాలుగో అధ్యాయం పెట్టాను.

పొంగింది! ఆడవాళ్ళంతా కేక వేశారు. గుండు చేయించుకున్న పసివాడు బిత్తరపోయి, ఏడవడం మానేశాడు.

నాలుగో అధ్యాయం పేరు "ఫలితాలు". ఏడేళ్ళలో దానికి ఇదే మొదటి ఫలితం. చాలా పుటలు తెల్లవే కనుక పొగ కూడా రాలేదు.

ఈ డైరీని కూడా వేయబోతే సుభానీ చెయ్యి పట్టుకున్నాడు. "ఇది ఉంచండి సార్. ఎప్పటికైనా ఎంక్వయిరీ పడితే పనికొచ్చుద్ది."

మరో విషయం నమోదు చేయాలి. మే నెల నేల, పెనంలా కాలుతోంది. నరసరావుపేట ఆడవాళ్ళు నిలబడలేక, మూలన పడేసిన పదకొండు దిమ్మలూ పీటల్లా వేసుకుని పొయ్యిల ముందు కూర్చున్నారు. వాళ్ళలో పెద్దావిడ లేవనంది.

"ఈ పీటలెక్కడివి బసవమ్మా? కింద సెగ తగలట్లా, పక్కన సెగ తగలట్లా. బరువేమో లేదు."

"మా మాస్టారు చేశాడు" అన్నారు బసవమ్మగారు.

నలభై అయిదు రోజుల్లో నన్ను గురించి ఎవరైనా చెప్పిన మంచిమాట ఇదే. అది కూడా వాస్తవం కాదు.

15-5-2009, శుక్రవారం. మొదటి రోజు

ఉ. 5.00: లేచాను!

కొత్త దీక్ష. నలభై ఒక్క రోజులు. నేను ప్రారంభించినది కాదు, నాకు తెలిసింది నిన్నే. చీరకొంగున ముడివేసుకున్న ముక్కను బసవమ్మగారు మూడు రోజుల కిందటే ఉడికించిన మిరపకట్టె ముక్కల్లో, పాలలో తోడు వేసినట్టు వేసి, గోనెసంచిలో కట్టి, కుండల అరుగు కింద పెట్టారు. మిరపకట్టె పొయ్యికి పనికిరాదు కనుక ఎవరి నోటి ముందరిదీ లాక్కున్నట్టు కాదట. విత్తనం జొన్నగింజల మీదే పెంచాలని చెప్పబోయాను. "పెరుగుకి జొన్నలు కావాలా?" అన్నారు.

నా నియమం ఒకటే: అరుగు వైపు వెళ్ళకూడదు.

6.20: మంచినీళ్ళకు వెళ్ళాను. వంగి ఒకసారి చూశాను. కొలవలేదు. స్కేలు కాలిపోయింది కనుక జానతో పట్టి చూశాను.

6.25: బసవమ్మగారు చూశారు.

6.30 నుంచి 7.15 వరకు: బసవమ్మగారు మాట్లాడారు.

తత్ఫలితంగా, ఆవిడ చెప్పగా నేను రాసి, ఇద్దరం సంతకం చేసి, సంబంధిత అధికారులకు లాంఛనంగా సమర్పిస్తున్న కోరికలు:

కోరిక నం. 1/2009: రాబోయే మాఘమాసంలో యలమందయ్యగారి రెండెకరాల పత్తికట్టెను మాస్టారు స్వయంగా, తన చేతులతో పీకి, అరవై మోపులు కట్టి, బసవమ్మగారి వాకిట్లో దించవలెను. సుభానీ చేత పీకించరాదు.

కోరిక నం. 2/2009: పంపు గదికి తాళం వేసి, తాళంచెవి బసవమ్మగారి చీరకొంగున ఉండవలెను. ఈ అంశంపై యలమందయ్యగారి అభ్యంతరం నమోదు చేయడమైనది, తోసిపుచ్చడమైనది.

కోరిక నం. 3/2009: బూజు పట్టు నలభై ఒక్క దినములూ మాస్టారును ఈ ఊరికి దూరంగా ఏదేని ఎన్నికల విధిపై నియమించవలెను. ఎన్నికలు లేని పక్షంలో, పెట్టవలెను.